దంపుడు బియ్యం గురించి నేను రాసింది

ఆ అమ్మాయి తెల్ల కాగితం మీద గుండ్రంగా ఒక పళ్ళెం గీసింది. మధ్యలో అడ్డగీత పెట్టి, కింది సగాన్ని మళ్ళీ రెండు ముక్కలు చేసింది. "పై సగం మొత్తం కూరలు అంకుల్. ఇక్కడ పప్పో గుడ్డో. ఈ మూల ముక్క ఒక్కటే రైస్‌కి. అది సుత వైట్ వద్దు, బ్రౌన్" అంది. మారేడ్‌పల్లిలోనే, మా ఇంటికి నాలుగు సందుల అవతల, రక్తపరీక్ష కాగితాలు చూసిన డాక్టరు, ఏం తినాలో ఈమె చెబుతుందని నన్ను ఆమె గదిలోకి పంపారు. ఆమెకు పాతికేళ్ళు కూడా ఉండవు. డెబ్బై ఏళ్ళుగా నా పళ్ళెం నిండా ఉన్న అన్నాన్ని ఒక్క గీతతో మూలకు జరిపింది.

"బ్రౌన్ అయితే కడుపునిండా తినొచ్చా అమ్మా?"

"అందరు గిదే అడుగుతరు అంకుల్" అని నవ్వింది. "బ్రౌన్ అయినా రైసే కద. పై పొర ఉంటది, పీచు ఉంటది, షుగర్ జెర స్లోగా పెరుగుతది. మంచిదే. మంచిదని రెండు ప్లేట్లు తింటే మళ్ళ కథ మొదటికే. ఇంట్ల వంట ఎవరు చేస్తరు?"

"నేనే."

"అయితే ఈజీ. ఎవరినీ ఒప్పించే పనిలేదు."

తమాషాకే అంది. నేనూ నవ్వాను. మెట్లు దిగుతుంటే ఆ మాట మళ్ళీ వినబడింది. నా భార్య పోయి మూడేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఏ బియ్యం వండినా ఇదేమిటని అడిగే మనిషి లేని ఇంట్లో తిండి మార్చుకోవడం నిజంగా సులువే.

దారిలో కొట్టులో అడిగితే మూడు రకాలు చూపించారు. ఒక సంచీ మీద తెలుగులో 'దంపుడు బియ్యం' అని ఉంది కనుక అదే తీసుకున్నాను. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ: నుదుట పెద్ద బొట్టు, రోకలి ఎత్తిపట్టిన చేతుల నిండా గాజులు, నోటి నిండా నవ్వు. ఇంటికొచ్చి మామూలు బియ్యం లాగే కడిగి, ఒకటికి రెండు నీళ్ళు పోసి, కుక్కర్లో మూడు విజిళ్ళు రానిచ్చాను. మూత తీస్తే గింజలు గింజలుగానే ఉన్నాయి, నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. కానీ ఆవిరితో పాటు ఒక వాసన లేచింది. తడిసిన గడ్డి, వేయించిన పల్లీల పొట్టు, ఎండకు వేడెక్కిన గోనెసంచి కలిస్తే వచ్చే వాసన. తౌడు వాసన. దాదాపు యాభై ఏళ్ళుగా నా ముక్కుకు తగలనిది. మూత పక్కన పెట్టి, ఆ ఆవిరి మీదికి వంగి మళ్ళీ పీల్చాను.

మెట్టుగూడలో మాది రెండు గదుల ఇల్లు, వెనక రేకుల వంటిల్లు. నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సైరను మోగేలోపు ఆయన టిఫిను డబ్బా నిండాలి కనుక మా ఇంట్లో తెల్లవారడమంటే కిరోసిన్ స్టవ్వు బుసకొట్టడమే. జనగామ వైపు ఊళ్ళో నాయన వాటాకు వచ్చిన కొద్దిపాటి పొలం పెదనాయన చేసేవాడు. పంట చేతికొచ్చాక రెండు మూడు సంచుల వడ్లు రైల్లో వచ్చేవి. ఆ సంచులు వచ్చిన రోజు నుంచి మా అమ్మకు ఒకటే ధ్యాస, వాటిని గిర్నికి తోలించడం. మర అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు, మాకది గిర్ని. రిక్షా మీద సంచుల పక్కన అమ్మే కూర్చునేది, ఇంకెవరినీ పంపేది కాదు. గిర్నిలో పట్టా చప్పుడుకు మనిషి మాట మనిషికి వినబడదు. అమ్మ రెండు వేళ్ళు ఎత్తి చూపించేది. రెండుసార్లు పట్టు, తెల్లగా రావాలి అని దాని అర్థం. గొట్టంలోంచి బియ్యం జారుతుంటే గుప్పెడు అరచేతిలోకి తీసుకుని ఉఫ్ అని ఊది, వెలుగుకు పెట్టి చూసేది. ఒక్క గింజ మీద ఎర్ర జీర కనబడినా మళ్ళీ రెండు వేళ్ళు లేచేవి. ఆ పక్కన కుప్పగా పడిన తౌడును సందు చివర బర్రెలాయన ఎత్తుకుపోయి, బదులుగా కొన్నాళ్ళు పాలు కొంచెం చిక్కగా పోసేవాడు.

ఈ రెండుసార్లు పట్టించడమే మా నాయనమ్మకు కంటగింపు. తాతయ్య పోయాక ఆమె మా దగ్గరికి వచ్చేసింది. పల్లెలో పది ఎకరాల ఇంటి ఇల్లాలు, మాటకు ఎదురు తెలియని మనిషి. ఆమె కోసం ఒక చిన్న సంచి వడ్లు వేరే కట్టి, పై పొట్టు మాత్రం తీయించి తెచ్చేది అమ్మ. అందుకని మా స్టవ్వు మీద రోజూ రెండు గిన్నెలు: ఒకటి మా అందరిదీ, ఒకటి నాయనమ్మది. మాది పదిహేను నిమిషాల్లో ఉడికేది. ఆమెది రాత్రే నానబెట్టినా మరో అంత సేపు ఉడికేది. కిరోసిన్ కోసం ఖాళీ డబ్బాలు వరసలో పెట్టి పొద్దంతా నిలబడే రోజులవి. అదీ కాక ఆ ముడి బియ్యానికి తొందరగా పురుగు పట్టేది, వానాకాలంలో ముక్క వాసన కొట్టేది. అమ్మ దాన్ని వారానికోసారి చేటలో పోసి చెరిగి, నీడపట్టున ఆరబెట్టేది. అవన్నీ చూస్తూనే ఉన్నాను, కానీ అవి ఎవరి పనో, ఎంత పనో ఆ వయసులో నాకు పట్టలేదు.

నాయనమ్మ పీట వేసుకుని తన ముదురు రంగు అన్నం కలుపుకుంటూ రోజుకొక్కసారైనా అనేది. "ఏందే కోడలా, మల్లెపువ్వోలె చేసినవ్ బియ్యం. ఇగ దాంట్ల ఏమున్నదని తింటున్నరు? బలమంతా బర్రె తినె."

"నీది నీకు వేరే వండిన కద అత్తమ్మా" అనేది అమ్మ, తల ఎత్తకుండా.

"వండినవ్ తియ్. నా పండ్లు చూడు, ఒక్కటన్న ఊడిందా? దంపుడు బియ్యం తిన్న పండ్లివి."

"గట్టిగనే ఉన్నయ్. అందుకే రోజు మమ్ములను నములుతున్నవ్."

నాయన పొలమారి దగ్గేవాడు. అక్క పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వేది. నాయనమ్మకు కోపం వచ్చినట్టే ఉండేది గానీ, మజ్జిగ పోయించుకునేటప్పటికి మరిచిపోయేది. అట్లా రెండు గిన్నెలతో ఆ ఇల్లు బాగానే నడిచింది. మూడో మనిషి కలగజేసుకోకపోతే అట్లాగే నడిచేది. ఆ మూడో మనిషిని నేనే.

డిగ్రీ అయిన వెంటనే ఒక దినపత్రికలో ట్రెయినీగా చేరాను. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇంటికి రాగానే అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని పేపరు నేల మీద పరిచేది. ఆమెకు చదువు రాదు. "ఇండ్ల నీదేది బిడ్డా?" అని అడిగేది. నేను వేలు పెట్టి చూపించేవాణ్ని. మొదట్లో అన్నీ నాలుగు వరసల ముక్కలే. కుళాయి రాలేదనో, లారీ బోల్తా పడిందనో. అమ్మ వాటిని వేళ్ళతో కొలిచేది. "ఇయ్యాల రెండు వేళ్లు", "ఇయ్యాల నాలుగు వేళ్లు" అని చెప్పి, నేను రాసిన చోట అరచెయ్యి ఒకసారి ఆనించి, లేచి పనిలోకి పోయేది. పత్రికలో నలభై ఏళ్ళు పనిచేశాను, చాలామంది మెచ్చుకున్నారు. ఆ అరచెయ్యి ఆనించడం లాంటిది మళ్ళీ ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆదివారం పేజీ చూసే మూర్తిగారు ఒకరోజు పిలిచి, బియ్యం మీద ఒక వ్యాసం కావాలన్నారు. తెల్ల బియ్యం మంచిదా, ముడి బియ్యం మంచిదా. నాకంటే అర్హుడెవరు అనిపించింది, రెండు గిన్నెల ఇంట్లో పెరిగినవాణ్ని. ఒక పెద్ద డాక్టరును కలిశాను. పై పొర పోతే విటమిన్లు పోతాయని, పీచు పోతుందని ఓపికగా చెప్పారు. గిర్ని యజమానిని అడిగాను. తర్వాత ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి నాయనమ్మ ముందు కూర్చున్నాను. ఆమె కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని చెప్పింది. "మా ఇంట్ల కోడి కూయంగనే రోకళ్ల సప్పుడు షురూ అయితుండె. నలుగురు ఆడోళ్లొస్తుండె దంచనీకి. గా సప్పుడుకే మేం నిద్ర లేసేది. దంచుకుంట పాటలు పాడుతుండె. ఏం పాటలు, ఏం సంగతి!" వంటింటి గడపలో అమ్మ చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా మాటలన్నీ ఆమెకు వినబడుతున్నాయి. ఆమె వైపు తిరిగి ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు.

మా డెస్కులో ఒక నియమం ఉండేది. ఎవరి మీద ఏం రాసినా, అవతలి వాళ్ళ మాట కూడా ఉండాలి. నాలుగు వరసల కుళాయి వార్తకు కూడా మూర్తిగారు "అవతలి వాళ్ళను అడిగావటయ్యా?" అనేవారు. ఈ వ్యాసానికి ఆయన అడగలేదు. అడిగినా నవ్వేసేవాణ్నే. బియ్యానికి అవతలి వాళ్ళెవరుంటారు?

వ్యాసం సగం పేజీ వచ్చింది. 'బలం బర్రెకు, పిప్పి మనకు' అని శీర్షిక. మా ఇంట్లోనే చూస్తున్నానని, గిర్నిలో రెండు వేళ్ళు ఎత్తే ఇల్లాలి గురించి రాశాను. పేరు రాయలేదు గానీ మెట్టుగూడలో ఎవరికి తెలియదు? రోకళ్ళ చప్పుడు పల్లెకు మేలుకొలుపు అని రాశాను. అంతటితో ఆగక, ఆ చప్పుడు మీద మోజుతో ఇట్లా రాశాను: 'రోకటి పోటు ఆ స్త్రీలకు చక్కని వ్యాయామం. గిర్నీలు వచ్చి మన ఆడవారిని సోమరులను చేశాయి.' అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ రెండు వాక్యాలూ చాలా బాగా కుదిరాయని అనుకున్నాను.

ఆ ఆదివారం నేను ఆలస్యంగా లేచాను. అక్క పేపరు మడిచి గూట్లో పెడుతోంది. అంతకు ముందే అమ్మకు చదివి వినిపించిందట. వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, చూసినవా? సగం పేజీ! జానెడు కాదు, రెండు జానలు" అన్నాను.

"ఇన్న" అంది అమ్మ. గంజి వార్చుతోంది. ఆ ఆవిరిలో ముఖం కనబడలేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు రెండు రోజులు ఆటపట్టించారు. "ఏమమ్మా, బర్రె మంచిగున్నదా? బలం పెట్టినవా?" అని ఒకరు, "గిర్నికి పోయి సోమరయినవంట కద!" అని మరొకరు. అమ్మ బిందె నింపుకుని వచ్చేది. తర్వాతి వారం మిగిలిన వడ్లన్నీ గిర్నికి తోలించి, పై పొట్టు మాత్రం తీయించింది. స్టవ్వు మీద ఒక్కటే గిన్నె. నాయన మొదటి ముద్ద నమిలి నమిలి, "ఏందే ఇది, గుర్రం దాణానా?" అన్నాడు.

"నీ కొడుకునడుగు. పేపర్ల రాసిండు."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే మాకు భయమేసింది. గెలిచినందుకు సంతోషించాల్సిన నాయనమ్మ కూడా నెల తిరక్కుండానే, "జెర తెల్లది సుత వండవే, పోరని నాయినకు నోటికి పోతలేదు" అని బతిమాలింది. అమ్మ వండలేదు. ఆ సంచి అయ్యేదాకా అందరమూ అదే తిన్నాం. ఆ తర్వాత మళ్ళీ తెల్లన్నం వచ్చింది, మళ్ళీ రెండు గిన్నెలు వచ్చాయి. నాయనమ్మ, అమ్మ మళ్ళీ మాటలు విసురుకున్నారు. రానిది ఒక్కటే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నా ముందు అమ్మ ఇంకెప్పుడూ పేపరు పరవలేదు. "ఇండ్ల నీదేది?" అని అడగలేదు. కొన్నాళ్ళు నేనే పరిచి చూపించాను. "మంచిది బిడ్డా" అని, అరచెయ్యి ఆనించకుండానే లేచిపోయేది. నాకు పెళ్ళయింది, పెద్ద కుర్చీ వచ్చింది, మొదటి పేజీ నా చేతి మీదుగా వెళ్ళింది. అమ్మ పోయేదాకా అడగలేదు. కుళాయి దగ్గర నలుగురిలో పలుచనైంది, అందుకే మనసు విరిగిందని అనుకున్నాను. మరీ అంత చిన్న దానికా అని లోపల ఎక్కడో నిష్ఠూరం కూడా పెట్టుకున్నాను.

ఇప్పుడు మా వీధి మూలలో సాయంత్రం అయిదు గంటలకు ఒకామె పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కొడుతుంది. ఆమె ముందు కార్లు ఆగుతాయి. నా చిన్నప్పుడు జొన్నరొట్టె డబ్బాలో తెచ్చుకునే పిల్లలు మూత సగమే తెరిచి తినేవాళ్ళు. అన్నం తెచ్చుకున్నవాళ్ళం మూత పక్కన పెట్టి తినేవాళ్ళం. ఇప్పుడు అదే రొట్టె కోసం మనుషులు ఫోన్లు చూసుకుంటూ వరసలో నిలబడుతున్నారు. ఉడకని బ్రౌన్ రైస్ పారేసిన రోజు నేనూ వెళ్ళి నిలబడ్డాను.

"ఎన్ని సార్?"

"ఒక్కటి."

"ఒక్కటేనా? ఇంటికాడ మేడమ్‌కు?"

"ఒక్కటి చాలమ్మా."

ఆమె నా ముఖం వైపు చూసి, అప్పుడే దించిన వేడి రొట్టెను కాగితంలో చుట్టి ఇచ్చింది. మర్నాడు నేను అడగకముందే ఒక్కటే చుట్టింది.

అక్క మల్కాజ్‌గిరిలో ఉంటుంది. బావ పోయాక పై వాటాలో ఒక్కతే వండుకుంటుంది. కింద కూతురి కుటుంబం. మాకు ఫోన్లు తక్కువ. బియ్యం ఎట్లా ఉడికించాలో అడగడానికి చేస్తే, "గదేమన్న ఫోన్ల చెప్పేదా? ఆదివారం రా. గా బియ్యం సుత పట్టుకరా" అంది. బస్సెక్కి వెళ్ళాను. ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. తలుపు తీయడానికి వచ్చేసరికే ఆయాసం. సంచీ చేతికిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని, దాని మీద బొమ్మను చాలాసేపు చూసింది.

"గీమె ఎందుకు నవ్వుతున్నది తమ్మీ?"

"బొమ్మ కదక్కా. అమ్ముకునేటోళ్ళు నవ్వించకపోతే ఎట్ల?"

"అమ్మ సూస్తే చింపి పొయ్యిల పెడుతుండె."

ఎందుకన్నాను. అక్క బియ్యం గిన్నెలో పోసి, నీళ్ళు వంపి, ఒక చెయ్యి అందులోనే ఉంచి చెప్పింది. ఆ ఆదివారం వ్యాసం చదివి వినిపిస్తుంటే అమ్మ అంతా నిమ్మళంగానే వింది. గిర్ని దగ్గర రెండు వేళ్ళ సంగతికి నవ్వింది కూడా. 'మంచిగనే చూసిండు' అంది. రోకటి పోటు వ్యాయామం అనే దగ్గర ఆపింది. మళ్ళీ చదవమంది. అక్క చదివింది. ఇంకోసారి చదవమంది.

"అప్పుడు రెండు చేతులు గిట్ల ముందర పెట్టి చూసుకున్నది. 'మా అమ్మ దంచనీకి పోతుండె' అన్నది. నాకు అప్పటిదాక తెల్వనే తెల్వదు తమ్మీ. వాళ్ల ఊర్ల పెద్దోళ్ల ఇండ్లల్ల పొద్దుగాల షురూ జేస్తే పొద్దు వంగేదాక దంచుడే. బొబ్బలు లేసి, పగిలి, మల్ల వాటి మీదనే దంచుడు. ఇంటికొచ్చి ముద్ద కలుపుకోనీకి రాకపోయేదంట, చిన్నపిల్ల, మన అమ్మనే తినిపిస్తుండెనంట. కూలి కింద ఏమిచ్చేదో తెల్సా? ఇంత నూకలు, ఇంత తౌడు. వీళ్లు తౌడు రొట్టె తిని పెరిగిండ్రు. 'బలమంతా తౌడులనే ఉంటే మా అమ్మ నూరేండ్లు బతకాలె కద బిడ్డా' అన్నది. నలభై సుత దాటలేదంట ఆమెకు."

స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి. అక్క మంట తగ్గించింది.

"వాళ్ల ఊరికి గిర్ని వచ్చిననాడు ఆడోళ్లందరు పోయి దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిండ్రట. అప్పటికి ఆమె పోయి ఏడాది. అమ్మ సుత పోయి మొక్కిందంట."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"వద్దన్నది. 'వాడు సంతోషంగున్నడు, చెప్పకు' అన్నది. తర్వాత ఒకసారి నేనే అడిగిన, ఏమ్మా, తమ్ముని రాత ఇప్పుడు చూస్తలేవేంది అని. 'ఏం రాసిండో అని భయమైతది బిడ్డా' అన్నది."

మేమిద్దరం పళ్ళాలు పెట్టుకుని కూర్చున్నాం. అక్క వండిన అన్నం మెత్తగా, గింజకు గింజ విడివిడిగా ఉంది. పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. బాగుందని అన్నాను. నిజంగానే బాగుంది. డాక్టరు అప్పుడు చెప్పింది తప్పు కాదు, ఆ అమ్మాయి ఇప్పుడు గీసిన పళ్ళెం తప్పు కాదు. పై పొర ఉన్న బియ్యం పై పొర తీసిన బియ్యం కంటే మేలు. ఎంత తింటున్నామన్నది అంతకంటే ముఖ్యం. నేను ఇకముందు ఇదే తింటాను. ఆ వ్యాసంలో బియ్యం గురించి ఉన్న ఏ వాక్యాన్నీ ఈ రోజు కొట్టేయనక్కరలేదు. మనుషుల గురించి రాసిన రెండు వాక్యాలే కొట్టేయాలి. వాటిని మళ్ళీ మళ్ళీ చదివించుకుని విన్న మనిషి లేదు. నాయనమ్మ ఇంట్లో కోడికూతకు రోకలి పట్టిన నలుగురూ లేరు. వాళ్ళు ఎవరని నేను నాయనమ్మను అడగలేదు. పాటలు పాడేవాళ్ళని మాత్రం రాసుకున్నాను. అమ్మను గడపలో పెట్టుకుని నోటుబుక్కు మూసేశాను. అమ్మ తెల్ల బియ్యం కోసం గిర్నిలో రెండు వేళ్ళు ఎత్తుతుంటే అది పట్నం డాంబికం అనుకున్నాను. ఆ గింజ తెల్లబడడానికి ఈసారి ఏ ఆడదాని అరచెయ్యీ పగలలేదని ఆమె వెలుగుకు పెట్టి చూసుకునేదేమో. ఇది కూడా నా ఊహే. అడిగి తెలుసుకున్నది కాదు.

నాకున్న అలవాటు కొద్దీ, తిరిగొచ్చిన రాత్రే ఇదంతా కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే చిక్కుపడ్డాను. పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, అమ్మమ్మ పేరేంది?"

"అమ్మ ఎప్పుడు 'మా అమ్మ' అనే అన్నది తమ్మీ. నేనడగలే."

మేనమామ కూడా పోయాడు. ఆయన కొడుకు సత్తయ్య జనగామ అవతల అమ్మ పుట్టిన ఊళ్ళోనే ఉన్నాడని నంబరు సంపాదించి చేశాను. ఏళ్ళ తర్వాత నా గొంతు విని ఏదో జరిగిందనుకుని కంగారుపడ్డాడు. సంగతి చెబితే నవ్వాడు.

"గామె పేరా బావా? మా నాయిన సుత చెప్పంగ వినలే. ఊర్ల 'ఎంకటి తల్లి' అంటుండ్రట. ఎంకటి అంటే మా నాయిననే కద."

"తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"లచ్చవ్వ ఒక్కతే ఉన్నది. తొంభై దాటినయ్. చిన్నపిల్లప్పుడు గామె ఎంబడి దంచనీకి పోయిందంటరు. కానీ చెవులు పూర్తిగ బందైనయ్ బావా, ఏమడిగినా తలూపుతది."

"కాగితం మీద రాసి చూపెడ్త."

"సదువు రాదాయె!"

గురువారం పొద్దున జనగామ బస్సెక్కుతున్నాను. మోకాళ్ళ నొప్పులతో అక్క రాలేనంది. లచ్చవ్వ మంచం పక్కన కూర్చుని, ఆమె చెవికి నోరు ఆనించి, వినబడేదాకా అడుగుతాను.